ఎత్తు మడ్‌గార్డ్ ఉంటేనే ఆఫ్‌రోడ్ బండా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆటో పేజీలో అడ్వెంచర్ బండ్ల మీద వచ్చిన వ్యాసం చదివాం. కొనేవాళ్లకు పనికొచ్చే సంగతులు అందులో చాలానే ఉన్నాయి. ముందు మడ్‌గార్డ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యంతో తేల్చేశారు. హెడ్‌లైట్ కింద ముక్కులా పొడుచుకొచ్చి ఉంటే ఆఫ్‌రోడ్ బండి, టైరును అంటిపెట్టుకుని ఉంటే రోడ్డు బండి అన్నారు. ఆ వాక్యం పట్టుకుని, బాగా పనిచేస్తున్న మడ్‌గార్డ్‌ను ఊడదీయించి బజార్లో దొరికే ప్లాస్టిక్ ముక్కు బిగించమనేవాళ్లు తయారవుతారు. ఏ నేలకు ఏది పనికొస్తుంది, మార్చే ముందు ఏం కొలవాలి, కొలవకపోతే ఏమవుతుంది అన్నవి కూడా అచ్చులోకి వస్తే బాగుంటుందని ఇది రాస్తున్నాం.

మోటోక్రాస్, ఎండ్యూరో పందేల బండ్లకు ఎత్తు మడ్‌గార్డే ఉంటుంది, నిజమే. 2017 నుంచి డకార్ ఎడారి ర్యాలీకి వెళ్తున్న హీరో జట్టు బండిదీ అదే తీరు. 2024లో ఆ జట్టు రైడర్ రాస్ బ్రాంచ్ రెండో స్థానం సాధించింది దాని మీదే. కానీ ట్రయల్స్ బండ్లను చూడండి. కాలు నేలకు ఆనించకుండా బండరాళ్ల మీదికి నడక వేగంతో ఎక్కించే బండ్లవి. అంతకు మించిన ఆఫ్‌రోడ్ ఉండదు. వాటి మడ్‌గార్డ్ టైరుకు దగ్గరగా, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే షాక్‌అబ్జార్బర్ల జత) కింది కాళ్లకే ఉంటుంది. 21 అంగుళాల ముందు చక్రమున్న హోండా ఆఫ్రికా ట్విన్‌కూ కింది మడ్‌గార్డే. మన మార్కెట్లో 2016లో వచ్చిన హిమాలయన్ 411కు రెండూ ఉన్నాయి, టైరు మీద ఒకటి, పైన ముక్కు ఒకటి. 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200కు పైదే. సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్‌కు ముక్కు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది గానీ నీళ్లూ బురదా ఆపేది టైరు మీదున్నదే. షోరూం బండికి ముక్కు పెట్టడమనేదాన్ని సుజుకియే 1988లో డీఆర్ 750తో మొదలుపెట్టింది. అప్పటినుంచి అది సగం పనికి, సగం చూపుకి.

అసలు తేడా మడ్‌గార్డ్ దేనికి బిగించి ఉందన్నదాంట్లో ఉంది. పైది స్టీరింగ్ కింది టీకి (హ్యాండిల్ కింద ఫోర్కు రెండు కాళ్లనూ పట్టి ఉంచే పలకకు) బిగుస్తుంది. చక్రం గుంతలో పడి లేచినా అది కదలదు, టైరే దాని దగ్గరికి వచ్చి వెనక్కి పోతుంది. అందుకే ఫోర్కు ఎంత కుదించుకుంటుందో అంతకు మించిన ఖాళీ మొదటే వదలాలి. కిందిది ఫోర్కు కాళ్లతో, చక్రంతో కలిసి లేస్తుంది, దిగుతుంది. టైరుకూ దానికీ మధ్య ఖాళీ ఎప్పుడూ మారదు కాబట్టి 20 మిల్లీమీటర్లు వదిలినా తారురోడ్డు మీద చాలు. లాభనష్టాలన్నీ ఇక్కడే పుడతాయి.

మొదట బురద సంగతి. నంద్యాల, కోవెలకుంట్ల వైపు గానీ, ఆదిలాబాద్‌లో గానీ నల్లరేగడి దారుల్లో తిరిగేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. జోరువాన పడి దారి జావలా అయినప్పుడు కంటే, చిన్న జల్లు పడి సగం తడిసినప్పుడే రేగడితో పెద్ద తంటా. టైరుకు పొర పట్టుకుంటుంది, చక్రం తిరిగినకొద్దీ పొర మీద పొర చేరుతుంది. అందులో జొన్నచొప్పో వరిగడ్డో కలిసిందంటే పచ్చి ఇటుకలా బిగుసుకుపోతుంది. 20 మిల్లీమీటర్ల ఖాళీ నిండడానికి ఎంతో దూరం అక్కర్లేదు. వెనక చక్రానికి ఇంజిన్ బలముంది కాబట్టి ఆ మట్టిని చీల్చుకుని ఎలాగో తిరుగుతుంది. ముందు చక్రాన్ని తిప్పేది నేల పట్టు ఒక్కటే. తడి రేగడి మీద ఆ పట్టు ఎంతుంటుంది? లోపలి రాపిడి దాన్ని మించగానే చక్రం తిరగడం మానేసి జారుతుంది. అప్పుడు హ్యాండిల్ ఎటు తిప్పినా బండి వినదు. ఎత్తు మడ్‌గార్డ్ అసలు ఉపయోగం ఇదే: మట్టి కూరుకోవడానికి పైన చోటే ఉండదు.

అలాగని పూర్తిగా తప్పించుకున్నట్టు కాదు. టైరు పక్కలకూ ఫోర్కు కాళ్లకూ మధ్య సందు ఏ మడ్‌గార్డ్ పెట్టినా ఒకటే. గుబ్బల టైరు వేస్తే అది ఇంకా తగ్గుతుంది. ఫోర్కు కాళ్లను కలిపే బ్రేస్ ప్లేటు ఉంటే దాని కింద కూడా మట్టి పడుతుంది. రేగడిలో మట్టి గీకడానికి ఒక పుల్ల వెంట ఉంచుకోవడం ఏ బండికైనా తప్పదు.

కింది మడ్‌గార్డ్ ఉన్నవాళ్లు దాన్ని పీకేయకుండానే కొంత సర్దుకోవచ్చు. దీనికి మట్టి నడక తెలియాలి. బండి ముందుకు పోయేటప్పుడు టైరు వెనకభాగం నేలనుంచి పైకి లేస్తుంది. అంటే మట్టి మడ్‌గార్డ్ వెనక అంచు దగ్గర లోపలికి దూరి, పైనుంచి చుట్టి, ముందు అంచు దగ్గర బయటపడాలి. దారి పోనుపోను వెడల్పైతే పడిపోతుంది, ఇరుకైతే అక్కడ కూరుకుంటుంది. కాబట్టి మడ్‌గార్డ్ ఎత్తేటప్పుడు వెనక 20 మిల్లీమీటర్లు ఉంటే ముందు 30 దాకా ఉండాలి. చాలామంది అన్ని బోల్టుల కిందా ఒకే మందం స్పేసర్లు (ఎత్తు పెంచే బిళ్లలు) వేసి ఊరుకుంటారు. ముందువైపు స్పేసరు కాస్త మందంగా వేస్తే పని సగం అయినట్టే. అల్యూమినియం స్పేసర్లు 10 నుంచి 20 మిల్లీమీటర్ల వరకు సరిపోతాయి. ఎంత స్పేసరు వేశారో బోల్టు కూడా అంత పొడవు పెరగాలి. పాత బోల్టు రెండు చుట్లు పట్టుకుందని వదిలేస్తే గతుకుల్లో మర పోతుంది, మర ఉండేది ఫోర్కు కాలి అల్యూమినియంలో. తర్వాత దాన్ని మళ్లీ మర వేయించడం మడ్‌గార్డ్ ధరకంటే పెద్ద ఖర్చు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కింది మడ్‌గార్డ్‌ను పైకెత్తితే ఫోర్కు పూర్తిగా కుదించుకున్నప్పుడు దాని నెత్తి కింది టీకో, హారన్‌కో, హిమాలయన్ లాంటి బండిలో పై ముక్కుకో తగలొచ్చు. ఎత్తిన తర్వాత ఇది చూసుకోనిదే రోడ్డెక్కకూడదు.

వెనక అంచుకు రబ్బరు ఫ్లాప్ తగిలించేవాళ్లు కూడా ఒకటి గమనించాలి. ఫోర్కు వాలుగా ఉంటుంది కాబట్టి చక్రం పైకి మాత్రమే లేవదు, ఇంజిన్ వైపు కూడా జరుగుతుంది. వాలు 27 డిగ్రీలు, కుదింపు 190 మిల్లీమీటర్లు అనుకుంటే వెనక్కి జరిగేది దాదాపు 86 మిల్లీమీటర్లు. నిలబెట్టిన బండిలో నాలుగు వేళ్ల దూరంలో ఉన్న ఫ్లాప్ గుంతలో పడేసరికి సైలెన్సర్ బెండు పైపును తాకి కాలిపోతుంది.

ఇక వేగం. పొలం దారి దాటి 40వ నంబరు జాతీయ రహదారి ఎక్కి కడప వైపు వెళ్లేవాళ్లకు ఎత్తు మడ్‌గార్డ్ ఇంకో రూపం చూపిస్తుంది. అది హ్యాండిల్‌తో పాటు తిరిగే వెడల్పాటి పలక. గంటకు 80, 90 కిలోమీటర్లు దాటాక గాలి కిందనుంచి తోస్తుంది, ముందు చక్రం తేలికైనట్టు ఉంటుంది. లారీ పక్కనుంచి దాటేటప్పుడు చెదిరిన గాలి పలకను పక్కకు కొడుతుంది, ఆ దెబ్బ నేరుగా హ్యాండిల్‌కు చేరుతుంది. ముందుకు ఎంత పొడవుంటే అంత బలంగా. వెనక క్యారియర్ మీద బరువు కట్టి ముందు భాగాన్ని తేలిక చేస్తే మరీ ఎక్కువ. కింది మడ్‌గార్డ్ టైరు నీడలో ఉంటుంది గనక ఈ గొడవ దాదాపు ఉండదు. రోజూ హైవే మీదే తిరుగుతూ, ఏడాదికి రెండు మూడుసార్లు మట్టిదారి చూసే బండికి ఎత్తుది ఎందుకు పెట్టాలో మాకు అర్థం కాదు.

అయితే హ్యాండిల్ ఊగిన ప్రతిసారీ నింద మడ్‌గార్డ్ మీద వేయకండి. ముందు చక్రం గాల్లోకి ఎత్తి ఫోర్కు కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపండి. టక్కుమంటే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగుల జత) వదులైంది. హ్యాండిల్ మధ్యలో ఏదో గాడిలో పడ్డట్టు ఆగితే బేరింగు తినేసింది. టైరులో గాలి, రిమ్ము వంకర, స్పోకుల బిగువు కూడా చూడాలి. ఇవన్నీ సరిగా ఉండి, ఒక వేగం దాటాకే ఊపు మొదలై, వెనక క్యారియర్ మీది పెట్టె దించినా తగ్గకపోతే అప్పుడు మడ్‌గార్డ్ వంతు. గాలి పోయే కంతలున్న, సన్నగా పొట్టిగా ఉన్న రకం తీసుకోవడం తేలిక దారి. ఉన్నదాన్నే కోయాలంటే ముందు కొస 30 మిల్లీమీటర్లు కోసి నడిపి చూసి, అవసరమైతే మళ్లీ కోయాలి. కోసిన మూలలు గుండ్రంగా ఉండాలి, అంచు ఇసుక కాగితంతో నున్నగా చేయాలి. సూటిగా కోసిన మూలనుంచే పగులు మొదలవుతుంది. మరీ పొట్టి చేస్తే నీళ్లు ముఖానికి వస్తాయి: టైరు పైభాగం నుంచి చిమ్మే చుక్క బండికంటే రెట్టింపు వేగంతో ముందుకు దూకి, గాలికి ఆగి, వెనక వస్తున్న మన మీదే పడుతుంది. ఎత్తు మడ్‌గార్డ్‌లకు ముందు అంత పొడవు ఇచ్చేది అందుకే.

రాళ్ల దారులది వేరే లెక్క. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాయి గనుల చుట్టూ ఉన్న దారుల్లో బురదకంటే పదునైన రాయి ఎక్కువ. అక్కడ ఎత్తు మడ్‌గార్డ్ పెడితే టైరు వెనకనుంచి లేచే రాయి నేరుగా ఇంజిన్‌కు, రేడియేటర్‌కు, హిమాలయన్ 411 లాంటి బండిలో ఆయిల్ కూలర్‌కు తగులుతుంది. ఫోర్కు మెరుపు గొట్టాలు కూడా బయటపడతాయి. గొట్టం మీద గోరుకు తగిలేంత గీత పడితే చాలు, అది ఆయిల్ సీల్ పెదవిని కోస్తూ ఉంటుంది. సీల్ మార్చినా నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది, ఎందుకంటే గీత అలాగే ఉంది. ఎత్తు మడ్‌గార్డ్ పెట్టే బండికి ఆ గొట్టాలకు తొడిగే మడతల రబ్బరు బూట్లు గానీ, మెరుపు గొట్టం కిందివైపు ఉండే తలకిందుల ఫోర్కయితే ప్లాస్టిక్ ఫోర్కు గార్డులు గానీ ఉండి తీరాలి. రబ్బరు బూటు కింద నీళ్లు పోయే చిన్న రంధ్రం వెనకవైపుకు ఉండేలా తిప్పి బిగించాలి. లోపల నీళ్లు నిలిస్తే గొట్టం తుప్పు పడుతుంది, బూటు ఉండి కూడా లాభం లేదు.

ఇక మార్చే పని. రోడ్డు బండికి ఎత్తు ముక్కు పెట్టించేవాళ్లు ఇది మాత్రం జాగ్రత్తగా చదవాలి. ఇంజిన్ కింద జాకీ పెట్టి ముందు చక్రం నేలనుంచి లేపండి, ఫోర్కు పూర్తిగా సాగనివ్వండి. టైరు నెత్తినుంచి మడ్‌గార్డ్ అడుగు దాకా, అక్కడ బోల్టు తల దిగి ఉంటే ఆ తల దాకా, ఫోర్కు వాలు వెంటే కొలవండి. నిట్టనిలువుగా కొలిస్తే లెక్క తప్పుతుంది. ఆ దూరం ఫోర్కు ట్రావెల్‌కంటే (అది మొత్తం కుదించుకునే దూరం కంటే) కనీసం 25 మిల్లీమీటర్లు ఎక్కువుండాలి. ఎక్స్‌పల్స్ 200 ముందు ట్రావెల్ 190, అంటే 215 కావాలి. హిమాలయన్‌కు 200, అంటే 225. ర్యాలీ కిట్‌తో 250 మిల్లీమీటర్ల ఫోర్కు వేసినవాళ్లకు 275. గుబ్బల టైరు వేసే ఉద్దేశముంటే అది ఎక్కించిన తర్వాతే కొలవాలి. గుబ్బలే కొన్ని మిల్లీమీటర్లు తినేస్తాయి. 17 అంగుళాల చక్రం, 130 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉన్న మామూలు 150 సీసీ బండికి 155 కావాలి. అలాంటి బండ్లలో కింది టీకీ టైరుకూ మధ్య కంపెనీ వదిలేదే ట్రావెల్‌కంటే ఏ కొంచెమో ఎక్కువ. అందులో ప్లాస్టిక్ మందం, వాషర్, బోల్టు తల చేరాక ఏం మిగులుతుంది?

మిగలకపోతే జరిగేది ఇది. ఇద్దరు కూర్చుని, గుంత ముందు గట్టిగా బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు అడుగంటా దిగుతుంది. టైరు బోల్టు తలలను తాకి కోసుకుపోతుంది, లేదా ప్లాస్టిక్‌ను పట్టుకుని ముందుకు లాగి ఫోర్కు కాళ్ల మధ్య ఇరికిస్తుంది. ముందు చక్రం ఒక్కసారిగా ఆగిపోతే మనిషి హ్యాండిల్ మీదినుంచి ఎగిరి పడతాడు. షాపు ముందు ఒక చుట్టు తిప్పి చూస్తే ఇది బయటపడదు, ఫోర్కు అంత దిగదు కాబట్టి. ఎలాగూ ఫోర్కు ఆయిల్ మార్చే పని ఉంటే దాంతోపాటే చూసుకోవడం మేలు: రెండు కాళ్ల స్ప్రింగులూ తీసేసి, చక్రాన్ని చేత్తో పైదాకా ఎత్తి, హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పాలి. ఫోర్కు కాలి పైన ఉండే టోపీ విప్పేటప్పుడు చక్రం గాల్లో ఉండాలి, ముఖం పైన పెట్టకూడదు. స్ప్రింగు తోపుకు టోపీ ఎగురుతుంది.

ఎత్తు మడ్‌గార్డ్‌కు మామూలుగా 6 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు. తల టైరు వైపు, మర పైవైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే మర కొస టైరు వైపు కత్తిలా నిలబడుతుంది. తల గుండ్రంగా పల్చగా ఉన్న రకం తీసుకోవాలి. ప్లాస్టిక్ కంతలో ఇనుప కాలరు, దానికింద వెడల్పు వాషరు వేయాలి. కాలరు లేకుండా బిగిస్తే ప్లాస్టిక్ నలిగి, బోల్టు బిగువు పోయి, కంత కోలగా అయిపోతుంది. బిగువు 10 న్యూటన్ మీటర్లు చాలు, బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు, నీలం లాక్‌టైట్ ఒక చుక్క వేసి, వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ స్పానర్ పెట్టి చూడాలి. కొనేటప్పుడు అంచులు పట్టుకుని వంచండి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ది వంగి తిరిగి వస్తుంది, పడినా విరగదు. నిగనిగలాడే రంగు వేసిన గట్టి ప్లాస్టిక్, ఫైబర్ రకాలు చూడ్డానికి బాగుంటాయి గానీ బోల్టు దగ్గర పగులుతాయి. పాలీప్రొపిలీన్‌కు రంగు అంటదు, ఉన్న రంగుతోనే సరిపెట్టుకోవాలి.

పాత కింది మడ్‌గార్డ్ తీసేటప్పుడు దాని అడుగున చూడండి. చాలా బండ్లలో రెండు ఫోర్కు కాళ్లనూ కలుపుతూ ఉక్కు ప్లేటు ఉంటుంది. అది మడ్‌గార్డ్‌ను మోసే క్లాంపు మాత్రమే కాదు, రెండు కాళ్లూ కలిసి కదిలేలా పట్టి ఉంచేది అదే. దాన్ని కూడా తీసి పారేస్తే రెండు కాళ్ల మధ్య మిగిలేది ఇరుసు ఒక్కటే. ఒకేవైపు డిస్కు ఉన్న బండిలో బ్రేకు పట్టగానే ఆ కాలు మెలితిరిగి హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది, బండిచక్రాల గాడిలో పడితే ముందు చక్రం ఒక మాట, హ్యాండిల్ ఒక మాట. ప్లేటును ఉంచేసి ప్లాస్టిక్‌ను మాత్రమే తీయాలి, లేదా అల్యూమినియం ఫోర్కు బ్రేస్ వేయాలి. పొలం బండ్లకు ముందు మడ్‌గార్డ్ మొత్తం పీకేసి తిరిగేవాళ్లు పోగొట్టుకుంటున్నది ఎక్కువగా ఈ ప్లేటునే.

బ్రేకు పైపు, ఏబీఎస్ సెన్సర్ వైరు కూడా తరచూ ఆ మడ్‌గార్డ్ క్లిప్పుల్లోంచే వెళ్తాయి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి గనక ఆ బండ్లలో ఈ వైరు లేనిది ఇప్పుడు అరుదు. క్లిప్పు పోయాక పైపు వదులుగా వేలాడుతుంది, ఫోర్కు కుదించుకున్నప్పుడు విల్లులా వంగి టైరుకు రాసుకుంటుంది. ప్లాస్టిక్ ట్యాగుతో ఫోర్కు కాలికి కట్టండి, కానీ బిగించి కాదు. చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు పైపు లాగకూడదు, పూర్తిగా కుదించినప్పుడు టైరుకు, స్పోకులకు తగలకూడదు, హ్యాండిల్ రెండు చివరలకు తిప్పినా అంతే. బురదలో తిరిగొచ్చాక ఏబీఎస్ లైటు ఆరకపోతే సెన్సర్ ముందున్న పళ్ల రింగులో మట్టి ఉందేమో చూసి కడగండి, చాలాసార్లు అక్కడే తేలుతుంది. కడిగేటప్పుడు ప్రెషర్ గన్ను ఫోర్కు సీల్ మీదికి, కోన్‌సెట్ మీదికి పట్టకూడదు. ఎత్తు మడ్‌గార్డ్ బండిలో ఎలాగూ కింది కోన్ బేరింగుకు నీళ్లు ఎక్కువ తగులుతాయి, వానాకాలం అయ్యాక ఒకసారి విప్పి గ్రీజు పెట్టించాలి.

చట్టం మాట కూడా మీ వ్యాసంలో లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఏ(4) ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. మీ మోడల్‌కు కంపెనీయే అమ్మే మడ్‌గార్డ్ యాక్సెసరీ దొరికితే అదే తీసుకుని బిల్లు దగ్గర పెట్టుకోవడం మంచిది. ముందు నంబరు ప్లేటు మడ్‌గార్డ్ బ్రాకెట్ మీద ఉన్న బండ్లలో హైసెక్యూరిటీ ప్లేటు లాకులు ఒకసారి విప్పితే మళ్లీ పనిచేయవు. ఇది ముందే ఆలోచించుకోవాలి.

మా లెక్క ఇలా. నల్లరేగడిలో వానాకాలమంతా తిరగక తప్పనివాళ్లకు, ఫోర్కులో చోటుంటే, ఎత్తుది. హైవే, కంకర, రాళ్ల దారులకు కిందిది, అవసరమైతే స్పేసర్లతో. రెండు రకాల నేలా సమానంగా తొక్కేవాళ్లకు హిమాలయన్ 411 పద్ధతి బాగుంటుంది, రేగడి దారి రాగానే కింది ప్లాస్టిక్‌ను నాలుగు బోల్టులు విప్పి సంచిలో వేసుకోవచ్చు, ప్లేటు, పైపు క్లిప్పు అక్కడే ఉండాలి. 17 అంగుళాల చక్రాల రోడ్డు బండికి ముక్కు పెట్టమని ఎవరడిగినా మేం వద్దనే చెబుతాం.

ఒక మనవి. మీ ఆటో పేజీలో బండి వివరాల పట్టిక వేసినప్పుడు సీసీ, మైలేజీ, ధరలతో పాటు ముందు ఫోర్కు ట్రావెల్, మడ్‌గార్డ్ దేనికి బిగించి ఉందో ఒక గడి చేర్చండి. జాకీ, టేపు చేతిలో ఉన్న కుర్రాడికి ఆ రెండు వివరాలుంటే లెక్క తనే కట్టుకుంటాడు.

ఇట్లు,
టూవీలర్ మెకానిక్‌లు,
నంద్యాల